కిడ్నాప్ సినిమాలు చూసి 24 గంటలు ఆగకండి

మాది నగరి. సరిహద్దు దాటితే తమిళనాడులోని తిరుత్తణి మాకు పక్కూరు లాంటిదే. ఇక్కడ తమిళ సినిమాలను డబ్బింగ్ కోసం ఆగకుండా తమిళంలోనే చూసేస్తారు. బిడ్డను ఎత్తుకెళ్లడం, వెనక మంత్రి కుట్ర, హీరో ఒక్కడే వెతుక్కుంటూ వెళ్లడం... ఈ థ్రిల్లర్లు నాకూ ఇష్టమే. కానీ క్రిమినల్ లాయర్‌గా ఒక మాట విని విని విసిగిపోయాను: "24 గంటలు కాందే కంప్లయింట్ తీసుకోరు కదా సార్?"

అలాంటి రూల్ ఏ చట్టంలోనూ లేదు. పోలీసులు, కోర్టులు కేసు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ ఉన్నప్పుడూ లేదు, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లోనూ లేదు. పిల్లలు కనిపించకపోతే వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. అయినా జనం ఆగుతూనే ఉన్నారు.

కొన్నేళ్ల కిందట మా పక్క ఊరి మగ్గం కార్మికుడు ఒకాయన వచ్చాడు. పదో తరగతి కొడుకు తిరుత్తణి బస్టాండులో దిగాడు, ఆ తర్వాత జాడ లేదు. "నిన్ననే రావాల్సిందన్నా" అన్నాను. "ఒక రోజు కావాలంటారు కదా సార్" అన్నాడు. చొక్కా జేబులో అబ్బాయి ఫోటో. చెమటకు మూలలు మెత్తబడిపోయాయి. అప్పటికే ఒక స్టేషన్‌లో "తప్పిపోయింది అక్కడ కదా" అన్నారు, ఇంకో స్టేషన్‌లో "మీది ఆంధ్రా కదా" అన్నారు. నేను వెంట వెళ్లి ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికొచ్చేదాకా కదల్లేదు. పోలీసులు బస్టాండు ఎదుట బేకరీకి వెళ్లేసరికి మూడో రోజు. కెమెరాలో ఆ రోజు రికార్డు మీద కొత్తది పడిపోయింది. ఒక్క రోజు ముందు వెళ్లి ఉంటే పిల్లాడు ఏ బస్సెక్కాడో తెలిసేది. పదకొండో రోజు చెన్నై సెంట్రల్లో చైల్డ్‌లైన్ వాళ్లకు దొరికాడు. ఆ పదకొండు రోజులూ తల్లి సరిగ్గా అన్నం తినలేదు.

"మా లిమిట్స్ కాదు" అంటే మీరు వెనక్కి రావాల్సిన పని లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లో అయినా సమాచారం తీసుకోవాలని బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ చెబుతోంది. జీరో ఎఫ్‌ఐఆర్ అంటే అదే. సరిహద్దు ఊళ్ల వాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి. అప్పటికీ తీసుకోకపోతే ఎస్పీకి రాసి పోస్టులో పంపండి.

"పోలీసులకు చెబితే చంపేస్తామన్నారు" అనే వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ డబ్బిచ్చినా మనిషి తిరిగొస్తాడన్న గ్యారంటీ లేదు. మఫ్టీలో రమ్మని అడగండి, వస్తారు.

పిల్లలను ఎత్తుకుపోయే ముఠా దిగిందని వాట్సాప్‌లో వచ్చేవి మాత్రం దయచేసి ఫార్వర్డ్ చేయకండి. 2018లో తిరువణ్ణామలై జిల్లాలో గుడికి వెళ్తూ పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పెద్దావిడను ఆ పుకారు నమ్మి కొట్టి చంపేశారు.

నిందితులు దొరికితే కథ అయిపోతుందన్నదీ అపోహే. కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను వీరప్పన్ 2000 జూలై 30న గాజనూరులో ఎత్తుకెళ్లాడు, 108 రోజులకు వదిలాడు. రెండు రాష్ట్ర ప్రభుత్వాలు కదిలిన కేసు అది. 2018లో గోబిచెట్టిపాళయం కోర్టు తొమ్మిది మంది నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. అంత పెద్ద కేసే రుజువు కాలేదు. మామూలు కేసులో మొదటి రోజు పోగొట్టుకున్న సాక్ష్యాన్ని తర్వాత ఏ లాయరూ తెచ్చివ్వలేడు.

అందుకే మనిషి కనిపించలేదనగానే 112కి, చిన్నపిల్లలైతే 1098కి ఫోన్ చేయండి. స్టేషన్‌కు వెళ్లేటప్పుడు ఈమధ్య తీసిన ఫోటో, ఫోన్ నంబరు, వేసుకున్న బట్టల రంగు, ఆఖరిసారి చూసిన టైము, దగ్గరి స్నేహితుల పేర్లు పట్టుకెళ్లండి. రాయడం రాకపోతే నోటితో చెప్పండి. రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకోవాల్సింది వాళ్లే. ఎఫ్‌ఐఆర్ కాపీకి పైసా కట్టక్కర్లేదు.