నాలుగు గంటలు విన్న హెడ్మాస్టరు

చిన్నోడికీ, బుజ్జమ్మకీ,

పోయిన ఆదివారం ఫోన్లో "ఈ ఏడాది చదివిన వాటిలో ఏది బాగుంది అమ్మమ్మా" అని అడిగారు గదా. అప్పుడు పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను. అది మనసులో పడి ఉంది, అందుకే రాస్తున్నా.

అన్నిట్లోకీ రైలుబడి. టెత్సుకో కురొయనాగి అనే జపాన్ ఆమె తన చిన్నప్పటి బడి గురించి రాసుకున్న పుస్తకం, అక్కడ 1981లో వచ్చింది. పాత రైలుపెట్టెలే ఆ బడిలో తరగతి గదులు. టొట్టోచాన్ అనే పిల్లను, అంటే చిన్నప్పటి ఆమెనే, అంతకుముందు బడివాళ్లు, క్లాసు జరుగుతుంటే కిటికీ దగ్గర నిలబడి వీధిలో బాజాలవాళ్లను పిలుస్తోందనీ ఇంకా ఏవేవో అనీ ఒకటో తరగతిలోనే పంపించేశారు. కొత్త బడిలో హెడ్మాస్టరు కొబయాషి గారు ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకు చెప్పాలనిపించిందంతా చెప్పమ్మా అన్నాడు. రైలు గురించి, కుక్క గురించి, పాత బడిలో పిట్టగూడు గురించి, గుర్తొచ్చిందల్లా చెప్పుకుంటూ పోయింది. ఆయన ఒక్కసారి కూడా ఆవలించకుండా నాలుగు గంటలు విన్నాడు! నేను పుస్తకం మూసి గడియారం చూశాను. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే మధ్యాహ్నం పన్నెండు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన దాన్ని, ఏ పిల్ల మాటా అట్లా చివరిదాకా విన్నట్టు గుర్తులేదు, ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

అక్కడ పిల్లల క్యారేజీల్లో సముద్రంలోది కొంచెం, కొండల్లోది కొంచెం ఉండాలి. ఏదైనా తక్కువైతే హెడ్మాస్టరు గారి భార్య రెండు గిన్నెలు పట్టుకొచ్చి వడ్డించేది. మన ఒంగోలులో అయితే కొత్తపట్నం రొయ్యలూ, మునగాకు తాలింపూ పెట్టేదాన్ని. పోలియో వచ్చిన యాసువాకిచాన్‌ను ఆ పిల్ల చెట్టెక్కించిన సంగతి మాత్రం నేను చెప్పను, మీరే చదవాలి.

తరవాత ప్రకాశం పంతులు గారి నా జీవిత యాత్ర. మన జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే వాళ్లమ్మ సుబ్బమ్మ గారు ఈ ఒంగోల్లోనే పూటకూళ్లు నడిపి పిల్లల్ని పెంచింది. నాటకాల్లో వేషాలు వేస్తూ అల్లరిగా తిరిగే ఆ కుర్రాణ్ణి హనుమంతరావు నాయుడు అనే మాస్టారు చేరదీసి, రాజమండ్రికి తీసుకెళ్లి చదివించాడు. పుస్తకం పెద్దది, రాజకీయాలు మీకు ఇప్పుడు కొరుకుడు పడవు, చిన్నతనం వరకూ చదివి ఆపెయ్యండి.

ఖదీర్ బాబు గారి దర్గామిట్ట కతలు కావలి పిల్లాడి కతలు, మన నెల్లూరు వైపు మాటల్లోనే ఉంటాయి, కళ్లతో కాదు, పైకి చదవండి.

రైలుబడి అట్ట ఊడితే గమ్ముతో అతికించి మీ మంచం పక్కన గూట్లో పెట్టాను. బుజ్జమ్మా, నువ్వు క్లాసులో జరిగిందేదో చెప్పబోతుంటే ఆ రోజు నేను ఫోన్ పెట్టేశాను గదా, సంక్రాంతికి వచ్చినప్పుడు అది మొదటినుంచీ చెప్పు తల్లీ. ఆ పూట పొయ్యి వెలిగించను.

మీ అమ్మమ్మ