విషమైతే చేదుగా ఉంటుందా? వాటర్ హెమ్లాక్ అపోహలు - వాస్తవాలు

చిత్తడి నేలల మొక్కలను గుర్తుపట్టి చెప్పడం నా పని. తరచూ వచ్చే మెసేజ్ ఒకటుంది: ఒక దుంప ఫొటో, దాని కింద "కొంచెం కొరికి చూశాం, చేదుగా లేదు, తినొచ్చా?" అని. దయచేసి కొరికి చూడకండి! విషమైతే నాలుకకి తెలిసిపోతుందన్న నమ్మకం వాటర్ హెమ్లాక్ దగ్గర పనిచేయదు. అది క్యారెట్ కుటుంబం మొక్క, దుంపకి ఇంచుమించు ఆ వాసనే ఉంటుంది, తిని బతికినవాళ్ళలో రుచి బాగానే ఉందన్నవాళ్ళున్నారు. విషం ఎక్కువగా ఉండేదీ ఆ దుంపలోనే. అందులోని సికుటాక్సిన్ అనే విషం నేరుగా మెదడు మీద పనిచేస్తుంది, గంటలోపే ఫిట్స్ మొదలవ్వచ్చు. 1992లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో అడవి జిన్సెంగ్ (మందుగా వాడే ఒక దుంప) ఏరడానికి వెళ్ళిన అన్నదమ్ములకి ఇదే జరిగింది. 23 ఏళ్ళ తమ్ముడు వాటర్ హెమ్లాక్ దుంపని మూడుసార్లు కొరికి తిన్నాడు, అరగంటలో వాంతులు, ఫిట్స్, కొన్ని గంటల్లో ప్రాణం పోయింది. అన్న కొరికింది ఒక్కసారే, అయినా ఫిట్స్ వచ్చాయి, ఎలాగో బతికాడు. "కొంచెమే కదా" అనేవాళ్ళకి నేను చెప్పేది ఆ అన్న సంగతే.

ఉడికిస్తే విషం పోతుందంటారు, నమ్మొద్దు. ఎండబెట్టినా అంతే. పశువులు మేస్తే మనకీ మంచిదేనట, తడినేలలో దుంపతో సహా పీక్కుని తిని పశువులే చచ్చిపోతున్నాయి. ఈ దుంపకి గుర్తుగా చెప్పే అరలు, అంటే గదుల్లాంటి ఖాళీలు, కోస్తే లోపల కనిపించకపోతే పర్వాలేదన్నదీ తప్పే, లేత మొక్కల్లో అరలు సరిగా ఏర్పడవు.

ఇక ముట్టుకుంటేనే చస్తారన్న పుకారు. ఒకాయన రాత్రిపూట ఫోన్ చేశారు, పాప ఈ మొక్క తెల్లపూల గుత్తి పట్టుకుని ఆడిందట, గొంతు వణికిపోతోంది. నోట్లో పెట్టలేదు, కాడ కొరకలేదు అని ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకున్నాక, సబ్బుతో చేతులు కడగమన్నాను. పాపకి ఏమీ కాలేదు. ఆయన టెన్షన్ పడటంలో తప్పులేదు, తెలిసీ తెలియకుండా భయపెట్టే మెసేజ్‌లు పంపేవాళ్ళ మీదే నా కోపమంతా. అయితే ఆ బోలు కాడతో ఈల చేసి ఊదిన పిల్లలకి మాత్రం విషం ఎక్కిన సందర్భాలున్నాయి, అది చేయనివ్వకండి.

ఎవరైనా తింటే లక్షణాలు వస్తాయేమో చూద్దామని ఆగొద్దు. వాంతి చేయించొద్దు, మధ్యలో ఫిట్స్ వస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దీనికి విరుగుడు మందు లేదు, కానీ ఫిట్స్ ఆపి శ్వాస నిలబెడితే బతికే అవకాశం ఉంది, అది ఆస్పత్రిలోనే సాధ్యం. మిగిలిన మొక్కని దుంపతో సహా కవర్లో వేసి వెంట తీసుకెళ్ళండి.