చెంబెడు నీళ్ళు

చిట్టితల్లికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

ఆదివారం ఫోన్లో చిట్టితల్లి అడిగిన ప్రశ్న నా బుర్రలోంచి పోవడం లేదు. "తాతయ్యా, సబ్బు డబ్బా నిండుగానే ఉంది. మెషిన్ హోరుమని తిరుగుతోంది, కార్పెట్ మీద వేడినీళ్ళు కూడా పడుతున్నాయి. మరి సబ్బు మాత్రం ఎందుకు రావట్లేదు? నాన్న పొద్దున్నుంచి విసుక్కుంటున్నాడు" అన్నావు. నేను గొంతు సవరించుకునేలోపు మీ అమ్మ అన్నానికి పిలిచింది, నువ్వు తుర్రుమన్నావు. మంచిదే అయింది. ఇలాంటివి ఫోన్లో తేలవు.

అమెరికాలో, శాన్ ఆంటోనియోలో మీ ఇంట్లో ఉన్న ఆరు నెలలూ, మీ నాన్న కార్పెట్లు కడిగే మెషిన్ పెట్టుకుని తిరిగే ఆ వ్యాను వెనకాల టార్చిలైటు పట్టుకునే ఉద్యోగం నాదే కదా. అందుకని నాకూ కాస్త తెలుసు. అందులో వేడినీళ్ళ దారి వేరు, సబ్బు దారి వేరు. నీళ్ళని పెద్ద పంపు తోస్తుంది. సబ్బు పని చూడ్డానికి గుప్పెట్లో పట్టేంత చిన్న పంపు ఒకటి ఉంది. డబ్బాలోకి వేలాడే సన్న గొట్టంలోంచి అది గుక్కగుక్కగా సబ్బునీళ్ళు తీసుకుని వేడినీళ్ళలో కలుపుతుంది. దారిలో నిలువుగా అద్దంలాంటి గొట్టం, దాంట్లో చిన్న బుడిపె, పక్కన గంటకు ఎన్ని గాలన్లో చెప్పే అంకెలు. మీ నాన్న దాన్ని ఫ్లో మీటరంటాడు. సబ్బు పారుతుంటే బుడిపె పైకి లేవాలి. మీది అడుగున చతికిలబడింది. అంతేగా?

ఇప్పుడు కొబ్బరిబొండాం తలుచుకోండి. ఇక్కడికి వచ్చినప్పుడు చిన్నోడు రోజుకి రెండు లాగించేవాడు. స్ట్రా పెట్టి పీలిస్తే నీళ్ళు రావాలి. ఎప్పుడు రావు? స్ట్రా మరీ లోపలికి దింపితే దాని మూతి లేతకొబ్బరికి అతుక్కుంటుంది, అప్పుడు రావు. కొబ్బరి ముక్క స్ట్రాలోకి దూరినా రావు. స్ట్రాకి ఎక్కడో చిల్లు ఉంటే బుగ్గలు లోపలికి పోయేదాకా పీల్చినా గాలే వస్తుంది. ఇంకోటుంది: బొండాం కన్నం చుట్టూ గాలి చొరబడకుండా వేళ్ళతో మూసి పీల్చండి. రెండు గుక్కలు వచ్చి ఆగిపోతాయి!

సబ్బు డబ్బా కూడా బొండామే. గొట్టం మూతి డబ్బా అడుగుకి నొక్కుకుని ఉందేమో. చివరన ఉన్న జల్లెడకి కరగని సబ్బుపొడి ముద్దగా పట్టిందేమో. (మీ నాన్నకి తొందరెక్కువ. పొడి చన్నీళ్ళలో పోసి రెండుసార్లు తిప్పి కరిగిందంటాడు. ముందు వేడినీళ్ళలో కరిగించి, వడకట్టి పొయ్యరా అని నేను చెబుతూనే ఉన్నాను.) మూత బిగుసుకుని గాలి లోపలికి పోవట్లేదేమో. నేనున్నప్పుడు ఒకసారి అలాగే అయి ప్లాస్టిక్ డబ్బా డొక్కలు లోపలికి పోయాయి. మూత వదులు చేయగానే 'టప్'మని మళ్ళీ పొంగింది. మీ నానమ్మ హడలిపోయింది.

స్ట్రా అన్నాను కదా అని ఆ గొట్టానికి నోరు పెట్టేరు, జాగ్రత్త! అది మనం ఒంటికి రుద్దుకునే సబ్బు కాదు, చర్మం మంటపుడుతుంది. చేతులకి తొడుగులు వేసుకుని నాన్న ముట్టుకోవాలి, మీరు చూడాలి.

మీ నానమ్మ అంటే గుర్తొచ్చింది. అక్కడికి వచ్చిన మూడోరోజే "ఈ నీళ్ళలో పప్పు ఉడకదు" అని తేల్చేసింది. నిజమే. మీ ఊరి నీళ్ళు చాలావరకు సున్నపురాతి పొరల్లోంచి వస్తాయి. స్నానాలగదిలో కుళాయి మూతికి తెల్లగా పేరుకుంటుందే, అదే పెచ్చు మెషిన్ సన్నగొట్టాల్లోనూ కడుతుంది. వెనిగర్ కలిపిన నీళ్ళు పారిస్తే కరుగుతుంది. తర్వాత మంచినీళ్ళతో కడిగెయ్యాలి. ఏ రోజు పని అయిపోయాక ఆ రోజే మంచినీళ్ళు పారిస్తే ఇంతదాకా రాదు.

ఇక బోరింగు సంగతి. మా చిన్నప్పుడు కోనసీమలో మా వీధి చివర చేతిపంపు ఉండేది. అక్కడ నీళ్ళు పైనే ఉంటాయి, పిల్లలం కూడా కొట్టగలిగేవాళ్ళం. కానీ ఎండాకాలం మధ్యాహ్నం దాని లోపలి తోలు వాషరు ఎండి ముడుచుకునేది. ఎంత కొట్టినా కిర్రు కిర్రుమనడమే, చుక్క రాదు. పైనుంచి చెంబెడు నీళ్ళు పోస్తే తోలు తడిసి ఉబ్బి గోడకి అతుక్కునేది, పది దెబ్బల్లో నీళ్ళు అందుకునేవి. అందుకని ఆఖరున కొట్టినవాళ్ళు పక్కనున్న చట్టిలో చెంబెడు నీళ్ళు ఉంచి వెళ్ళాలి. ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు. ఒకరోజు గోళీలాడి వచ్చి ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నాను. పక్కింటి మామ్మగారు బిందె పట్టుకుని వచ్చి, ఖాళీ చట్టి చూసి, నన్ను చూసి, ఒక్కమాట కూడా అనలేదు. నేనే చెరువుదాకా వెళ్ళి చెంబు నింపుకొచ్చాను. మనది కాని దాహం కోసం కూడా కాసిని నీళ్ళు ఉంచాలని ఆ రోజే నాకు ఎక్కింది. తిట్టి ఉంటే ఎక్కేది కాదేమో.

ఇంకోసారి చెంబెడు పోసినా నీళ్ళు అందలేదు. మేస్త్రీ వచ్చి విప్పాడు. లోపల తోలుముక్కతో చేసిన తలుపు ఉంటుంది. నీళ్ళు పైకి వచ్చేటప్పుడు తెరుచుకుని, కిందికి జారబోతే మూసుకోవాలి. దాని కింద ఒక్క ఇసుక పలుకు. చూపుడువేలి మీద పెట్టి మాకందరికీ చూపించాడు. ఆ పలుకు వల్ల తలుపు ఓరగా ఉండిపోయి, ఎత్తిన నీళ్ళన్నీ వెనక్కి పోయాయట. వీధి మొత్తం దాహాన్ని ఆ పలుకు ఆపింది.

మీ మెషిన్ చిన్నపంపులోనూ అలాంటివి రెండు తలుపులు, లోనికి ఒకటి, బయటికి ఒకటి. చెక్ వాల్వులంటారు. బొండాం తాగేటప్పుడు గుక్క వెనక్కి జారకుండా నాలుక అడ్డం పెడతామే, అలాంటివి. బుడిపె లేచినట్టే లేచి అడుక్కి పడిపోతూ ఆయాసపడుతుంటే అనుమానం వాటిమీదే. సబ్బు వెనక్కి పోతోందన్నమాట.

కానీ నాన్న ముందు స్పానర్ తీసి పంపు విప్పుతాడు, చూడండి. విప్పనివ్వకండి! ముందు గొట్టం తీసి మంచినీళ్ళ బకెట్లో పెట్టమనండి. బుడిపె లేచిందా, తప్పు మెషిన్‌ది కాదు, సబ్బుది, జల్లెడది, మూతది. లేవలేదా, గొట్టం వెంట లోపలికి నడవాలి. నేనున్నప్పుడు రెండురోజులు పంపు విప్పి బిగించి, విప్పి బిగించి, చివరికి దొరికిందేమిటి? గొట్టం బిగించిన నట్టు కింద వెంట్రుకంత పగులు. అరంగుళం కోసి మళ్ళీ తొడిగితే సరిపోయింది. సబ్బు బయటికి కారితే చూడగానే తెలిసేది. అక్కడ కారట్లేదు, గాలి లోపలికి పోతోంది. ఎలా కనబడుతుంది చెప్పండి?

నిజానికి పంపు సబ్బుని లాగదు. పంపు చోటు ఖాళీ చేస్తుంది, బయటున్న గాలి డబ్బాలో సబ్బుని నొక్కి పైకి తోస్తుంది. 1640లలో ఇటలీలో టారిచెల్లి అనే ఆయన పాదరసంతో ఇది చూపించాడు. గాలి నీళ్ళని సుమారు 10 మీటర్లదాకా తోయగలదు, అంతే. అనంతపురం లాంటి చోట్ల నీళ్ళు లోతు కాబట్టి పంపు గుండెకాయనే కిందికి దింపాలి. కనబడని గాలి నీళ్ళని మోస్తుందంటే ఈ వయసులోనూ నాకు నమ్మబుద్ధి కాదు. ఇంతకన్నా నేను చెప్పలేను, మీరే చూడండి.

గొట్టం పారదర్శకంగానే ఉంటుంది కదా. టార్చి వేసి చిన్నోణ్ణి చూడమను, వాడి కళ్ళు మంచివి. నాన్న గొట్టాన్ని కొంచెం కొంచెంగా కదుపుతుంటే ఒకచోట బుడగ పుడుతుంది, చీమలా పంపు వైపు నడుస్తుంది. ఎక్కడ పుట్టిందో వచ్చే ఆదివారం నాకు చెప్పండి.

అతుకు వేశాక కూడా ఎండిపోయిన పంపు వెంటనే అందుకోదు. పక్కన చెంబెడు నీళ్ళు ఉంచుకోమని నాన్నకి చెప్పండి. ఎందుకో అడక్కండి, వాడికి తెలుసు.

మీ
తాతయ్య