కళ్ల చుట్టూ ముడతలకు చికిత్స: అపోహలు - వాస్తవాలు

"డాక్టర్ గారూ, బొటాక్స్ చేయించుకుందామని వచ్చాను" అనేవాళ్ల చేతికి నేను ముందు అద్దం ఇస్తాను. ముఖం మామూలుగా పెట్టి ఒకసారి, గట్టిగా నవ్వుతూ ఒకసారి చూసుకోమంటాను. నవ్వినప్పుడు మాత్రమే కంటి పక్కన గీతలు పడుతుంటే దానికి కారణం కండరం. నవ్వకపోయినా గీతలు అలాగే ఉంటే చర్మంలోనే మార్పు వచ్చింది. గీతలకన్నా కంటి కింద గుంతో, ఉబ్బో ఎక్కువ కనబడుతుంటే అది వేరే సమస్య. మూడింటికీ చికిత్సలు వేరు. చికిత్స పేరు ముందే అనుకుని వచ్చేవాళ్లలో చాలామందికి అవసరమైంది అది కాదు. అద్దం ముందు గడిపే ఆ రెండు నిమిషాలే అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం.

అపోహ: బొటాక్స్ విషం. వేయించుకుంటే ముఖం బొమ్మలా బిగుసుకుపోతుంది.

బొటాక్స్‌లో ఉండే మందు బొటులినమ్ టాక్సిన్, ఒక బ్యాక్టీరియా తయారుచేసే ప్రొటీన్. ఎక్కువ మోతాదులో అది ప్రమాదకరమే, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. చికిత్సలో వాడేది మాత్రం చాలా తక్కువ. పైగా దీన్ని వైద్యంలోకి తెచ్చింది అందం కోసం కాదు, కంటి జబ్బుల కోసం. అమెరికాలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టర్ మెల్లకన్ను సరిచేయడానికి దీన్ని వాడారు. మెల్లకన్నుకూ, రెప్పలు వాటంతటవే గట్టిగా మూసుకుపోయే జబ్బుకూ 1989లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. కెనడాలో జీన్ కరుథర్స్ అనే మరో కంటి డాక్టర్ ఈ రెప్పల జబ్బుకు ఇంజెక్షన్ ఇస్తూ, కనుబొమ్మల మధ్య గీతలు కూడా తగ్గడం గమనించారు. చర్మవైద్యుడైన భర్త అలస్టెయిర్‌తో కలిసి 1992లో ఆ సంగతి ప్రచురించారు. కంటి పక్క గీతలకు ఎఫ్‌డీఏ అనుమతి 2013లో వచ్చింది.

కండరాన్ని బిగించమని నరం పంపే రసాయనం అసిటైల్‌కోలిన్. ఈ మందు దాన్ని విడుదల కానివ్వదు. కొద్ది రోజుల్లో మార్పు మొదలై, రెండు వారాలకు పూర్తి ఫలితం కనబడి, మూడు నాలుగు నెలలు నిలుస్తుంది. బొటాక్స్ బ్రాండ్‌లో కంటి పక్క గీతలకు ఆమోదించిన మోతాదు రెండు వైపులా కలిపి 24 యూనిట్లు. వేరే కంపెనీ మందుకు ఈ లెక్క పనికిరాదు, యూనిట్లు ఒకటి కావు. ముఖం బిగుసుకుపోయినట్టు కనిపిస్తే మోతాదు ఎక్కువై ఉండాలి, లేదా సూది పడిన చోటు తప్పై ఉండాలి. మనిషి నవ్వితే కళ్లూ నవ్వాలి. అందుకే గీతలన్నీ చెరిపేయమని అడిగినా నేను కొన్ని ఉంచేస్తాను.

అపోహ: మధ్యలో మానేస్తే ముడతలు రెట్టింపవుతాయి.

కావు. మందు ప్రభావం పోయాక కండరం మళ్లీ మునుపటిలా పనిచేస్తుంది, అంతే. కొన్ని నెలలు నున్నటి చర్మానికి అలవాటుపడ్డ కంటికి పాత గీతలే ఎక్కువగా అనిపిస్తాయి. మొదటిరోజు ఫొటో తీసి ఉంచుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

అపోహ: బొటాక్స్ అన్నా, ఫిల్లర్ అన్నా ఒకటే.

బొటాక్స్ కండరాన్ని సడలిస్తుంది, ఫిల్లర్ ఖాళీని నింపుతుంది. కంటి కింద గుంతకు వాడేది ఎక్కువగా హయలురోనిక్ యాసిడ్ జెల్. నవ్వితే పడే గీతలకు ఇది సరైన మందు కాదు. కంటి కింద చర్మం చాలా పల్చన కాబట్టి జెల్ మరీ పైపైన పడితే నీలంగా కనబడుతుంది, ఉబ్బు కూడా రావచ్చు. అసలు భయపడాల్సింది ఇంకొకటి. జెల్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే ఆ నాళం మూసుకుపోతుంది. అరుదుగానే అయినా, దీనివల్ల చూపు పోయినవాళ్లున్నారు. ఈ జెల్‌ను కరిగించే ఎంజైమ్ పేరు హయలురోనిడేజ్. ఫిల్లర్ చేయించుకునే ముందు "ఆ ఇంజెక్షన్ మీ దగ్గర ఇప్పుడు ఉందా?" అని అడగండి. మొహమాటపడొద్దు. లేదంటే లేచి వచ్చేయండి.

అపోహ: కింది రెప్ప ముడతలకూ బొటాక్సే మందు.

ఇక్కడ నేను చాలాసార్లు వద్దంటాను. కింది రెప్పను మెల్లగా కిందికి లాగి వదిలితే వెంటనే వెనక్కి అతుక్కోవాలి. నెమ్మదిగా వెళ్తుంటే రెప్ప వదులైందని అర్థం. అలాంటి చోట కండరాన్ని ఇంకా సడలిస్తే రెప్ప జారుతుంది, కన్ను పొడిబారుతుంది, కింద ఉబ్బు ఇంకా బయటపడుతుంది. చర్మం బాగా వేలాడుతుంటే, కొవ్వు సంచుల్లా ముందుకొస్తే బ్లెఫరోప్లాస్టీ అనే రెప్పల ఆపరేషన్ గురించి ఆలోచించాలి. అది కంటి పక్క గీతలను మాత్రం తీసేయదు.

అపోహ: లేజర్ ఒక్కసారి చేయిస్తే చాలు, ఎవరికైనా పనిచేస్తుంది.

చర్మంలోనే స్థిరపడ్డ సన్నని గీతలకు ఫ్రాక్షనల్ లేజర్ (చర్మం మీద సన్నని చుక్కలుగా పడే లేజర్) మంచి చికిత్సే. అయితే వయసు ఆగదు, ఎండ ఆగదు, కొత్త గీతలు వస్తూనే ఉంటాయి. చామనఛాయ, నలుపు రంగు చర్మాల్లో లేజర్ తర్వాత నల్లమచ్చలు పడే అవకాశం ఎక్కువ. అందుకే అలాంటి చర్మానికి నేను తక్కువ శక్తితో మొదలుపెట్టి, రెండు సిట్టింగుల మధ్య వ్యవధి ఇస్తాను. రెప్ప మీద లేజర్ వాడుతుంటే రెప్ప లోపల, కనుగుడ్డు మీద లోహపు షీల్డ్ పెట్టాలి. బయట కళ్లద్దాలు సరిపోవు.

అపోహ: ఖరీదైన ఐక్రీమ్ ఉంటే ఇవేవీ అక్కర్లేదు.

ధర చూడకండి, అందులో ఏముందో చూడండి. ట్రెటినాయిన్ లాంటి రెటినాయిడ్లు (విటమిన్ ఎ రకం మందులు) సన్నని గీతలను తగ్గిస్తాయి, కానీ నెలల తరబడి వాడాలి. మొదట్లో మంట, పొట్టు లేవడం మామూలే. గర్భిణులు వాడకూడదు. సన్‌స్క్రీన్ విషయంలో మాత్రం గట్టి ఆధారం ఉంది. ఆస్ట్రేలియాలో 900 మందికి పైగా పెద్దవాళ్లను నాలుగున్నరేళ్లు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. రోజూ రాసుకున్నవాళ్లలో చర్మం ముదరడం, ఇష్టమొచ్చినప్పుడు రాసుకున్నవాళ్లతో పోలిస్తే 24 శాతం తక్కువగా ఉంది. ముఖమంతా రాసుకుని కంటి చుట్టూ వదిలేసేవాళ్లే ఎక్కువ, అక్కడా రాయాలి.

ముఖ వ్యాయామాలతో ఈ గీతలు పోతాయన్న మాటకు తర్కం లేదు. ఆ కండరం పదేపదే ముడుచుకోవడం వల్లేగా గీత పడింది! ఇంకో చిన్న సంగతి: చూపు సరిగా ఆనక కళ్లు చికిలించి చూసేవాళ్లు ముందు కంటి పరీక్ష చేయించుకోవాలి. సరైన కళ్లజోడు వచ్చాక చికిలించడం తగ్గుతుంది. నా దగ్గరికి వచ్చిన కొందరిని ఏ సూదీ వేయకుండా అలాగే పంపించాను.

ఏ ఇంజెక్షన్‌కైనా ముందు డాక్టర్‌కు ఇవి చెప్పండి: గర్భం, పాలివ్వడం, మయస్తీనియా గ్రావిస్ లాంటి కండరాల జబ్బు, రక్తం పలచబరిచే మందులు, పొడికళ్లు. ఫిల్లర్ తర్వాత భరించలేని నొప్పి, చర్మం తెల్లబారడం, చూపు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. అది గంటల్లో కాదు, నిమిషాల్లో చూడాల్సిన ఎమర్జెన్సీ.