ఓడలు గుద్దుకున్న కేసుల్లో నావికుల సాక్ష్యాలు: అపోహలు – వాస్తవాలు

పోయిన వారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మన పిల్లే, ఇంగ్లండ్‌లో హిస్టరీ ఎం.ఏ. చేస్తోంది. థీసిస్ ఇవ్వడానికి ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది. "సార్, పాత కోర్టు కాగితాల్లో ఆర్లేట్ అనే ఓడ గురించి నాలుగు నెలలుగా వెతుకుతున్నాను. ఒక్కో కాగితంలో ఒక్కో రేవులో ఉంటోంది, ఒక్కో కెప్టెన్ పేరుంటోంది" అంది. గొంతు వణుకుతోంది. అది ఓడ పేరు కాదమ్మా అని చెప్పడానికి నాకే నోరు రాలేదు. ఆర్టిక్యులేట్ అన్న మాటను గుమస్తా కుదించి రాస్తే ఆర్లేట్ అయింది. పై ఆర్టికల్‌లో, అంటే లాయరు నంబరు వేసి రాసిచ్చిన వాదనలో, చెప్పిన ఓడ అని అర్థం. మన దస్తావేజుల్లో "సదరు" అంటామే, అదన్నమాట. పాపం నాలుగు నెలలుగా "సదరు ఓడ" కోసం వెతుకుతోంది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. ఈ కాగితాలు ఎలా తయారయ్యాయో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇలాంటి ఫోన్లు ఏటా వస్తూనే ఉన్నాయి. అందుకే ఒకసారి కూర్చుని రాసేస్తున్నాను.

నేను పంతొమ్మిదేళ్ళు సరుకు ఓడల మీద పనిచేసి, చీఫ్ ఆఫీసర్‌గా ఉండగా మానేశాను. తొమ్మిదేళ్ళుగా, ఓడల వ్యాజ్యాలు చూసిన లండన్ అడ్మిరాల్టీ హైకోర్టు పాత సాక్ష్యాల పుస్తకాలు చదివి ఎత్తి రాస్తున్నాను. అసలు పుస్తకాలు లండన్‌లో క్యూ అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో హెచ్‌సీఏ 13 వరుసలో ఉన్నాయి. నేను చదివేది ఎక్కువగా 1630ల నుంచి 1660ల దాకా ఉన్నవి, అందులోనూ థేమ్స్ నదిలో వర్తక ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకున్న కేసులు.

అపోహ: సాక్ష్యం అంటే నావికుడు తన నోటితో చెప్పుకున్న కథ

అందరినీ ముంచేది ఇదే. మిగతావన్నీ తప్పు చదివినా ఒక పేరానో ఒక ఫుట్‌నోటో పోతుంది. ఇది తప్పు చదివితే మొత్తం అధ్యాయమే పోతుంది.

మీ ఊళ్ళో మామ్మగారు పొలం రాసిచ్చిన దస్తావేజు తీసి చూడండి. "నా పూర్తి స్వస్థచిత్తముతో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా" అని ఉంటుంది. మామ్మ అలా మాట్లాడిందని మీరెవరైనా నమ్ముతారా? ఆ మాటలు లేఖరివి, కింద వేలిముద్ర మామ్మది. పొలం ఇచ్చింది మాత్రం నిజమే. 1650లో, లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న వాపింగ్ పేట నావికుడి సాక్ష్యం కూడా అచ్చం ఇలాంటి కాగితమే.

జరిగే పద్ధతి ఇది. అడ్మిరాల్టీ కోర్టు నడిచేది రోమన్ సంప్రదాయం మీద వచ్చిన సివిల్ లా ప్రకారం. ఈ వ్యాజ్యాల్లో జ్యూరీ ఉండదు, సినిమాల్లోలా లాయరు బోనులో సాక్షిని నిలదీయడమూ ఉండదు. నష్టపోయిన వాళ్ళ తరఫున ప్రాక్టర్, అంటే ఆ కోర్టు లాయరు, తన వాదనంతా నంబర్లు వేసి ఆర్టికల్స్‌గా రాసిస్తాడు. కోర్టు తరఫు ఎగ్జామినర్ సాక్షిని విడిగా కూర్చోబెట్టి, రెండు పక్షాలవాళ్ళూ లేనప్పుడు, ఒక్కో ఆర్టికల్ చెప్పి జవాబు అడుగుతాడు. గుమస్తా దాన్ని "ఈ సాక్షి చెప్పునదేమనగా" అన్న ధోరణిలో, మూడో మనిషి మాటగా రాస్తాడు. అవతలి పక్షం ఇంటరాగేటరీలు అని తమ ఎదురు ప్రశ్నలు రాసిస్తే వాటికీ జవాబులు రాసుకుంటారు. అంతా చదివి వినిపించాక సాక్షి సంతకమో నిశానో పెడతాడు. తీర్పు ఈ కాగితాల మీదే నడుస్తుంది.

వందల పేజీల్లో కనిపించే అచ్చు ఒకటి చూపిస్తాను. ఇది ఏ ఒక్క కేసుదీ కాదు. మూడో ఆర్టికల్ ఇలా ఉంటుంది: సదరు ఓడ థేమ్స్‌లో లైమ్‌హౌస్ దగ్గర లంగరు వేసుకుని, దారికి అడ్డం లేకుండా, పక్కనుంచి రెండు మూడు ఓడలు పోయేంత చోటు వదిలి నిలిచి ఉండగా, పోటు మీద ఎగువకు వస్తున్న బొగ్గు ఓడ వాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకోకుండా వచ్చి గుద్దారు. దానికి సాక్షి జవాబు: ఓడ లంగరు వేసుకుని ఉన్నమాట నిజం, రెండు మూడు ఓడలు పోయేంత చోటు ఉన్నమాట నిజం, తాను ఆ సమయంలో ఓడ మీదే ఉండి చూశాను కాబట్టి తెలుసు, ఇంతకుమించి చెప్పలేడు.

జవాబు ఒక్కటే చదివిన విద్యార్థి ఏమని రాస్తాడు? "రెండు మూడు ఓడలు పోయేంత చోటు ఉందని నావికుడు కొలిచినట్టు చెప్పాడు" అని. ఆ కొలత నావికుడిది కాదు. అది లాయరు నోట పుట్టిన మాట. సాక్షి తల ఊపాడు, అంతే. అదే ఓడ మీది నలుగురు నావికులూ అవే మాటలు చెబితే "నలుగురు స్వతంత్రంగా ధ్రువీకరించారు" అని రాసేసిన థీసిస్‌లు నేను చూశాను. నలుగురికీ వేసిన ప్రశ్న ఒక్కటే మరి!

సాక్షి సొంత గొంతు వినాలంటే ఆర్టికల్‌లో లేనిది జవాబులో ఏముందో చూడాలి. ప్రశ్నలో గాలి ఊసు లేకపోయినా "గాలి నైరుతికి తిరిగింది" అని వచ్చిందనుకోండి, అది అతను తెచ్చిన మాట. ఆర్టికల్‌లో ఆరు విషయాలుంటే అయిదింటికి అవునని, ఆరోదాని మీద "తనకు తెలియదు" అన్నాడనుకోండి, ఆ తెలియదు దగ్గర ఆగండి. అది తన సొంత ఓడ తరఫు లాయరు రాసిచ్చిన ప్రశ్న. అవునంటే అందరూ సంతోషించేవాళ్ళు. అయినా అనలేదు. నాకైతే అలాంటి చోట ఆ మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. 2009లో ఒక విదేశీ రేవు బయట యాంకరేజ్‌లో ఉన్నాం. నేను సెకండ్ మేట్‌ని, అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా వాచ్, అంటే కాపలా, నాది. గాలి బాగా ఎక్కింది. ముందున్న ఓడ లంగరు జారి, మెల్లగా వచ్చి మా అణియానికి, అంటే ఓడ ముందుభాగానికి, ఒరుసుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, రెయిలింగ్ పోయింది, ప్లేటింగ్ నొక్కుకుపోయింది. మర్నాడు స్టేట్‌మెంట్ తీసుకోవడానికి ఒకాయన వచ్చాడు. నేను చెప్పింది ఇది: "రెండుంపావుకి రాడార్ చూశాను, దూరం కొంచెం తగ్గినట్టు అనిపించింది, మళ్ళీ చూద్దామనుకున్నాను." కాగితం మీదకు వచ్చింది ఇది: "02:15 గంటలకు అవతలి ఓడ లంగరు జారుతున్నట్టు గుర్తించాను." ముప్ఫై గంటలుగా సరిగా నిద్ర లేదు. చదివాను, సంతకం పెట్టాను. రెండుంపావుకే గుర్తిస్తే రెండుముప్పావు దాకా కెప్టెన్‌ని ఎందుకు లేపలేదు అని అడిగారు. "అనిపించింది"కీ "గుర్తించాను"కీ మధ్య నా తర్వాతి కాంట్రాక్ట్ పోయింది. ఆయన అబద్ధం రాయలేదు. నేనూ అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు ఓడల మీద ఉన్న కుర్రాళ్ళు కూడా నాకు ఫోన్ చేస్తుంటారు, స్టేట్‌మెంట్ ఇవ్వమంటున్నారు, భయంగా ఉంది సార్ అని. భయపడకండి. సంతకం ముందు ప్రతి వాక్యం చదవండి. చూసింది, విన్నది, అనుకున్నది మూడూ కలిసిపోయి ఉంటే విడదీసి రాయమనండి. దిద్దిన చోటల్లా ఇనీషియల్ పెట్టండి. అలసిపోయి ఉంటే ఆ మాట కూడా అందులో రాయించండి.

అపోహ: ఎవరి ఓడ వాళ్ళకు అనుకూలంగానే చెబుతారు, కాబట్టి ఈ సాక్ష్యాలన్నీ చెత్త

పై సంగతి చెప్పగానే కొందరు ఈ కొసకు దూకేస్తారు. ఈ మాట వింటే నాకు చిరాకు. నావికుడికి స్వార్థం ఉందని మనం కొత్తగా కనిపెట్టామా? ఆ కోర్టుకు ముందే తెలుసు. ఎదురు ప్రశ్నల్లో మొదట వచ్చేవే అవి: ఈ ఓడలో నీకు వాటా ఉందా, ఎవరికి పని చేస్తున్నావు, నీ ఆస్తి ఎంత, గెలుపు నీ చేతిలో ఉంటే ఎవరికిస్తావు? చాలామంది "న్యాయం ఎటుంటే అటు" అంటారు. కొందరు మా ఓడ గెలవాలనే ఉంది అని దాచుకోకుండా చెప్పేస్తారు.

స్వార్థం ఎక్కడుందో తెలియాలంటే జీతాల లెక్క తెలియాలి. సరుకు చేరి కిరాయి వస్తేనే నావికుడికి జీతం, ఓడ సరుకుతో మునిగితే జీతమూ మునిగినట్టే. అంతదాకా చేసిన నెలల చాకిరీ గాలికి పోయినవాడు అవతలి ఓడ గురించి చల్లగా మాట్లాడతాడా? వాడి కోపం అర్థం చేసుకుని చదవండి, పారేయకండి. పైగా ఆ చట్టంలో పూర్తి రుజువుకు ఒక్క సాక్షి చాలడు, కనీసం ఇద్దరుండాలి. నావికుల పని తప్పో ఒప్పో తేల్చడానికి ట్రినిటీ హౌస్ పెద్దల సలహా తీసుకునేవారు. 1514లో రాజు చార్టర్ పొందిన సంఘం అది, అందులోవాళ్ళు స్వయంగా ఓడలు నడిపినవాళ్ళు.

అపోహ: "చుక్కాని స్టార్‌బోర్డ్‌కి" అంటే ఓడ కుడికి తిరిగింది

ఇక్కడ బొమ్మలు గీసేవాళ్ళంతా పడిపోతారు. స్టార్‌బోర్డ్ అంటే ఓడకు కుడి పక్క, అందులో అనుమానం లేదు. కానీ ఆ రోజుల్లో ఆజ్ఞ చుక్కాని పిడికి. పిడిని కుడికి తోస్తే చుక్కాని రెక్క ఎడమకు పోతుంది, ఓడ ముక్కు ఎడమకు తిరుగుతుంది. చిన్న పడవ వెనక కూర్చుని చుక్కాని పట్టినవాడికి ఇది చెప్పక్కర్లేదు. 17వ శతాబ్దపు పెద్ద ఓడల్లో చక్రం ఇంకా రాలేదు, పిడికి తగిలించిన నిలువు కర్రతో తిప్పేవారు. లెక్క మాత్రం అదే. బ్రిటిష్ ఓడల్లో ఈ పాత పద్ధతి 1933 దాకా సాగింది. "స్టార్‌బోర్డ్ అన్నా వినకుండా ఎడమకు తిప్పాడు, వాడిదే తప్పు" అని ఒకాయన ఏకంగా వ్యాసమే రాశారు. మూడున్నర శతాబ్దాల కిందట సరిగా చుక్కాని పట్టిన మనిషి మీద ఉత్తపుణ్యానికి నేరం మోపినట్టయింది. ఆ పేజీ చూసిన రోజు నాకు నిజంగా బాధేసింది.

అపోహ: లంగరు వేసిన ఓడది ఎప్పుడూ తప్పుండదు

ఉంటుంది. లంగరు ఎక్కడ పడిందో తెలిసేలా బోయా, అంటే నీళ్ళ మీద తేలే గుర్తు, కట్టలేదంటే తప్పే. థేమ్స్‌లో పాటు వచ్చి నీళ్ళు తగ్గినప్పుడు పక్క ఓడ నేల మీద కూర్చుంటుంది. కింద కనపడని లంగరు కొమ్ము ఉంటే అడుగు చిల్లు పడుతుంది. అందుకే సాక్షులను బోయా గురించి పదేపదే అడుగుతారు. ఫ్రాన్స్ పడమటి తీరంలోని ఒలెరాన్ దీవి పేరు మీద వచ్చిన మధ్యయుగపు ఓడ చట్టాల్లో అయితే, ఆగి ఉన్న ఓడను వచ్చే ఓడ కావాలని కాకుండా గుద్దితే నష్టం చెరిసగం. కావాలని చేయలేదని కెప్టెనూ మనుషులూ ప్రమాణం చేయాలి. ఎందుకలా పెట్టారో కూడా అందులోనే ఉంది: లేకపోతే పాడుబడిన ఓడను తెచ్చి మంచి ఓడ దారిలో పెట్టి డబ్బు గుంజుతారట! 17వ శతాబ్దంలో ప్రతి కేసూ అలా సగం సగం తేలిందనుకోకండి. సాక్షులు తప్పు ఒకవైపే ఉందని అంత గట్టిగా ఎందుకు పట్టుబడతారో దీనివల్ల తెలుస్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

నిశాని పెట్టినవాడు చదువురానివాడని రాయకండి. ఆ రోజుల్లో పిల్లలకు ముందు చదవడం నేర్పేవారు, రాయడం తర్వాత. చదవగలిగి రాయలేనివాళ్ళు చాలామంది.

తేదీలు: ఇంగ్లండ్‌లో 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలు. కాగితంలో 1655 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1656. హాలండ్ కాగితాలతో పోల్చేటప్పుడు పది రోజుల తేడా కూడా ఉంటుంది.

గంటలు: వాళ్ళకు వాచ్ అంటే నాలుగు గంటల కాపలా, దాన్ని కొలిచేది అరగంట ఇసుక గడియారం. నదిలో అయితే "సగం పోటు వేళ" అనే చెబుతారు. దాన్ని గంటా నిమిషాల్లోకి మార్చి రాయకండి, అలాగే ఉంచండి.

దూరాలు: కేబుల్ అంటే దాదాపు వంద బారలు, 600 అడుగులు. చీకట్లో, గుద్దుకునే ముందు చెప్పిన దూరం ఎవరూ కొలిచింది కాదు.

ఓడల పేర్లు: హోప్‌వెల్, మేరీ, ఎలిజబెత్ అన్న పేర్లతో ఓడలు కోకొల్లలు. కెప్టెన్ పేరు లేకుండా ఓడను గుర్తుపట్టామనుకోవద్దు.

ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. నాలుగు నెలల పని పోలేదు. "సదరు" అన్న చోటల్లా వెనక్కి వెళ్ళి ఆర్టికల్ చూసుకుంటే, ఆమె పోగేసిన కాగితాలు నాలుగు వేరు వేరు గుద్దుడు కేసులని తేలింది. ఒకదానిలో రెండు పక్షాల సాక్షులూ దొరికారు. అది దొరకడమే అరుదు, దాని మీదే రాస్తోంది.

మీరూ పంపాలనుకుంటే పంపండి, ఓపిక ఉన్నంతవరకు చూస్తాను. ఒక్క పేజీ ఫొటో మాత్రం పంపకండి. దానికి ముందు నాలుగు, తర్వాత నాలుగు పేజీలు, మార్జిన్‌లో ఉన్న నంబర్లు కనపడేలా.