డిశ్చార్జ్ తర్వాత మొదటి వారం

మానసిక వైద్యశాలలో చేరిన పదహారేళ్ల పిల్ల ఇంటికి వచ్చేసిందంటే గండం గడిచినట్టేనని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి కంటికి రెప్పలా చూసుకోవాల్సిన కాలం అప్పుడే మొదలవుతుంది. రకరకాల దేశాల్లో జరిగిన వంద అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2017లో వెలువడింది. మానసిక వైద్యశాల నుంచి డిశ్చార్జ్ అయినవాళ్లలో ఆత్మహత్యలు అన్నిటికంటే ఎక్కువగా జరిగేది మొదటి మూడు నెలల్లోనేనని అది తేల్చింది. మళ్లీ అడ్మిట్ కావడాలూ చాలావరకు అప్పుడే. అమెరికాలో 5 నుంచి 12 ఏళ్ల పిల్లల మీద చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో మూడో వంతుకు పైగా పిల్లలు ఏడాదిలోపే తిరిగి ఆసుపత్రికి వచ్చారు. వాళ్లలో ప్రతి 10 మందిలో 8 మంది 90 రోజులైనా గడవకముందే వచ్చారు.

వార్డులో జరిగే పని పరిమితమైనది. ప్రాణాపాయం తప్పించడం, నిద్రను దారిలో పెట్టడం, మందు మొదలుపెట్టడం. డిప్రెషన్‌కి ఇచ్చే ఫ్లూఆక్సెటిన్ లాంటి మందు గుణం పూర్తిగా కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామంది పిల్లలు వార్డులో అన్నాళ్లు ఉండరు. పిల్లల్లోనూ, టీనేజర్లలోనూ ఈ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో హెచ్చరించింది. అలాగని మందు వద్దనుకోకూడదు, ఆ వారాల్లో పిల్లల్ని దగ్గరుండి గమనించుకోవాలి.

డిశ్చార్జ్ కాగితం మీద ఒక బిళ్ల ఎదురుగా 0-0-1 అని ఉంటుంది. ఉదయం లేదు, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. అది తీవ్రమైన మానసిక జబ్బులకు ఇచ్చే ఒలాంజపిన్ అయితే మత్తు మర్నాడు పొద్దెక్కేదాకా వదలకపోవచ్చు. ఇంట్లో ఉంటే ఫర్వాలేదు. జూనియర్ ఇంటర్ చదువుతూ హాస్టల్‌కి తిరిగి వెళ్లిన అబ్బాయిని మాత్రం తెల్లవారుజామునే స్టడీ అవర్‌కి లేపేస్తారు. పుస్తకం ముందు తూగితే తిట్లు పడతాయి. సిలబస్ అప్పటికే ముందుకెళ్లిపోయింది, వీక్లీ టెస్టులో ర్యాంకు పడిపోయింది. కొన్నాళ్లకు ఒళ్లు వచ్చి ప్యాంటు పట్టదు. బిళ్ల మానేయడానికి వాడికి ఇన్ని కారణాలున్నాయి, వాడి వైపు నుంచి చూస్తే అన్నీ సబబైనవే. మానేసిన వెంటనే ఏమీ కాదు, పైగా పొద్దున హుషారుగా ఉంటుంది. జబ్బు తిరగబెట్టడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి రెండిటికీ ఉన్న లంకె వాడికి తట్టదు. కొన్నాళ్లు కుంగుబాటు, కొన్నాళ్లు అదుపు తప్పిన హుషారు ఉండే బైపోలార్ జబ్బున్న పిల్లలకైతే నిద్ర తగ్గడం ఒక్కటే ఆ హుషారును, అంటే మేనియాను, రేపగలదు.

అందుకే ‘మందులు సరిగా వేసుకోడు’ అని పిల్లాడి మీద విసుక్కోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. బిళ్ల వేళ మార్చవచ్చు, వేరే మందుకి మారవచ్చు, కొన్ని నెలలు పొద్దుటి స్టడీ అవర్ నుంచి మినహాయించమని డాక్టరు కాలేజీకి లెటర్ రాయవచ్చు. వాడు చెప్పుకోవాలంటే అడిగేవాళ్లుండాలి, అదీ త్వరగా.

ఎంత త్వరగా అన్నది కొలిచి చూశారు. అమెరికాలోని 33 రాష్ట్రాల్లో మానసిక అనారోగ్యంతో ఆసుపత్రిలో చేరి బయటికొచ్చిన 10 నుంచి 18 ఏళ్ల పిల్లలు సుమారు 1,40,000 మంది రికార్డులను పరిశీలించిన అధ్యయనం 2020లో వచ్చింది. డిశ్చార్జ్ అయిన ఏడు రోజుల్లోపు మానసిక వైద్య సేవలు అందిన పిల్లల్లో, ఆ తర్వాతి నెలల్లో, ఆరు నెలలు నిండేదాకా, ఆత్మహత్య ముప్పు 56 శాతం తక్కువగా ఉంది. వారంలోపు వెళ్లగలిగిన కుటుంబాలకు మొదట్నుంచీ అండ ఎక్కువ ఉండవచ్చు కనుక తేడా అంతా ఆ ఒక్క విజిట్‌దే అనలేం. అయినా సగం కంటే కాస్త ఎక్కువమందికే ఆ సేవ అందిందంటే మనసు చివుక్కుమంటుంది.

ఇలా త్వరగా చూస్తే కొందరు పిల్లల్ని మళ్లీ చేర్చుకోవాల్సి రావచ్చు. అది ఓటమి కాదు. ఉబ్బసం ఉన్న బిడ్డకు ఆయాసం ఎక్కువై రెండోసారి అడ్మిట్ చేస్తే అమ్మానాన్నలు తలదించుకోరు కదా, ఇదీ అంతే. నిద్ర చెడిందని, మాట తగ్గిందని పసిగట్టి వెంటనే తీసుకొచ్చినవాళ్లు మంచి పనే చేశారు.

2004 అధ్యయనంలో నన్ను ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటుంది. కఠినంగా దండించే ఇళ్ల నుంచి, బిడ్డతో అంటీముట్టనట్టుండే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువగా తిరిగి చేరారు. తల్లిదండ్రులుగా తమకు చాలా టెన్షన్‌గా ఉందని బయటపెట్టినవాళ్ల పిల్లలేమో తక్కువగా చేరారు. కష్టం చెప్పుకున్నవాళ్లకు సాయం కాస్త ముందే అంది ఉంటుందని నాకనిపిస్తుంది. ‘మా ఇంట్లో అంతా బాగానే ఉందండీ’ అని డాక్టరు దగ్గర దాచుకునే మన అలవాటు పిల్లలకు చేటు చేస్తోంది.

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో కుటుంబం పక్షానే ఉంది. 98వ సెక్షన్ ప్రకారం డిశ్చార్జ్ సమయంలో సైకియాట్రిస్టు రోగితోనూ, ఇంట్లో చూసుకోబోయేవాళ్లతోనూ మాట్లాడి, ఇకమీదట చికిత్స ఎలా సాగాలో ప్రణాళిక వేయాలి. 18 ఏళ్లలోపు పిల్లలు వార్డులో ఉన్నన్నాళ్లూ సంరక్షకులో, వాళ్లు నియమించిన మనిషో తోడుండాలనీ అదే చట్టం చెబుతోంది. ఆ రోజుల్లోనే అడిగి రాయించుకోవచ్చు: వారంలోపు రివ్యూ ఏ తేదీన, ఎవరి దగ్గర? బిళ్ల పడకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? కాలేజీకి ఎంత చెప్పాలి, ఏది చెప్పకూడదు? చివరిదానికి పిల్లల అభిప్రాయమే ముందు అడగాలి.

హైదరాబాద్ ఎర్రగడ్డకో, విశాఖ మానసిక వైద్యశాలకో దూరపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు వారంలో మళ్లీ బస్సెక్కడం కష్టం. అలాంటివాళ్లు దగ్గర్లోని జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికి రాయించుకోవడం మేలు. రివ్యూ తేదీ రాకముందే కంగారు పుడితే 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది. 14416కి ఏ వేళ చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడతారు.