పెంకుపురుగు కాదు, చిమ్మట

వేసవి చివర్లో అమెరికా తూర్పు రాష్ట్రాల్లో గోల్డెన్‌రాడ్ పూలు పసుప్పచ్చగా విరబూస్తాయి. పట్టపగలే వాటి మీద వాలి తేనె తాగే ఓ అర అంగుళం పురుగుని చూసి చాలామంది పెంకుపురుగు అనుకుంటారు. చిమ్మట అంటే రెక్కలు పరుచుకుని కూర్చోవాలి కదా! ఇది మాత్రం బీడీ చుట్టినట్టు రెక్కల్ని ఒంటికి బిగించి చుట్టుకుంటుంది.

దీన్ని గుర్తుపట్టడానికి ముందు రెక్కలు చాలు. నారింజ రంగు మీద నల్లని అడ్డపట్టీలు, ఆ నలుపులో గుంపులుగా లేత పసుపు చుక్కలు. ఎగిరినప్పుడు పొగరంగు వెనక రెక్కలు బయటపడతాయి. పొరపాటున వేలు తగిలితే సన్నని పొడి అంటుకుంటుంది. అవి రెక్కల మీది పొలుసులు. పెంకుపురుగుకి అవి రాలవు.

దీని పేరు అట్టేవా ఆరియా. లాటిన్‌లో ‘ఆరియా’ అంటే బంగారు వన్నెది. దీని సొంత చోటు దక్షిణ ఫ్లోరిడా, మధ్య అమెరికా. అక్కడ దీని గొంగళ్లు సిమరూబా అనే చెట్టు ఆకులు తినేవి. 1784లో విలియం హామిల్టన్ అనే తోటల అభిమాని చైనా జాతి చెట్టు ‘ట్రీ ఆఫ్ హెవెన్’ని ఫిలడెల్ఫియాలోని తన తోటకు తెప్పించాడు. అదీ సిమరూబా కుటుంబానిదే. తర్వాత ఆ చెట్టు ఖాళీ స్థలాల్లో, రైలు కట్టల పక్కన తనంతట తానే మొలిచి పెరిగిపోయింది. గొంగళ్లకు కొత్త మేత దొరికింది, చిమ్మట ఉత్తరానికి పాకింది. చలికి తట్టుకోలేదు కాబట్టి ఏటా దక్షిణం నుంచి మళ్లీ బయల్దేరి, తరం తర్వాత తరంగా కెనడా దాకా వెళ్తుంది. ఇంత చిన్న ప్రాణికి అంత ప్రయాణమా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అదే చెట్టుని ఇష్టపడే మరో పురుగు స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై. 2014లో పెన్సిల్వేనియాలో బయటపడి, ద్రాక్షతోటలకు పెద్ద బెడదైంది. కనిపిస్తే కాలితో నలిపేయమని అధికారులే చెప్పారు. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకు ఆ టెన్షన్ తెలిసిందే. కానీ మన చిమ్మటని చూసి అదే అనుకోవద్దు, లాంటర్న్‌ఫ్లై దీనికి రెట్టింపు ఉంటుంది. బూడిద రంగు రెక్కల మీద నల్ల చుక్కలుంటాయి. నారింజ మీద లేత చుక్కలు కనిపిస్తే దయచేసి వదిలేయండి, అది పూల మీదికి వచ్చిన చిమ్మట.

దీని చుట్టం మన దగ్గరా ఉంది. పెద్దమాను అనే చెట్టు ఆకుల్ని సాలెగూడులా అల్లి, లోపల కూర్చుని తినే గొంగళ్లు అట్టేవా ఫాబ్రిసియెల్లావి. ఆ చిమ్మటకీ నారింజ రెక్కలే, తెల్ల చుక్కలే.